రోడ్లు, భవనాలు, ఇటలీ పాటలు

ప్రభుత్వం ఒక పనిని ఒక శాఖకు అప్పగించిందంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం మనకు కనబడకపోతే అది మన చూపులో లోపం. ముప్ఫై మూడేళ్ల గుమాస్తా సర్వీసులో నేను నమ్ముకున్న సూత్రం ఇదే. కాబట్టి ఇటలీ దేశపు పాటల మంచిచెడ్డలు తేల్చే పని మా వేములదిన్నె రోడ్లు భవనాల డివిజన్‌కు వచ్చినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. తపాలా రిజిస్టర్‌లో నంబరు వేసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారి బల్ల మీద పెట్టాను.

ఉత్తర్వు పంపింది రాజధానిలోని భాషా సౌభ్రాత్ర మండలి. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని ఎవరో ఎప్పుడో మెచ్చుకున్నారు. వాళ్ల మాటలూ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయట. అంత మెప్పు పుచ్చుకుని మనం ఇన్నాళ్లూ తిరిగి ఏమీ మెచ్చుకోకపోవడం మర్యాద కాదని మండలి వారికి హఠాత్తుగా తోచింది. అందుచేత ప్రతి జిల్లాలోనూ ఇటలీ వారి ‘పాప్, రాక్, హిప్ హాప్, ఆర్ అండ్ బి మొదలగు ఆధునిక సంగీత రీతుల యోగ్యతాయోగ్యతలపై’ చర్చాగోష్ఠి జరిపి, ఏది శ్రేష్ఠమో నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని మూడు ప్రతుల్లో పంపవలెను. గోష్ఠి ముగిసే వరకు సంబంధిత శాఖ కొత్త పనులేవీ చేపట్టరాదు.

కలెక్టరు ఆఫీసులో తపాలా చూసే గుమాస్తా నిదానస్తుడు. ఉత్తర్వును నాలుగుసార్లు చదివాడట. రాక్ అంటే రాయి గనుక ఒక ప్రతి గనుల శాఖకు పంపాడు. హిప్ అంటే తుంటి గనుక ఇంకొకటి పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి పంపాడు. ‘ఇటలీ వారిది పాలరాయి, ఈ జిల్లాలో దొరికేది నల్లరాయి, కావున మా పరిధిలోనిది కాదు’ అని గనుల వారు తిప్పి పంపారు. ‘తుంటి మార్చే డాక్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ, ఉన్న తుంటితో సర్దుకోవలెను’ అని ఆసుపత్రి వారు తిప్పి పంపారు. మిగిలింది ఆర్ అండ్ బి. రోడ్లు భవనాల శాఖను మా ఊళ్లో చంటిపిల్లలు కూడా ఆర్ అండ్ బి అనే అంటారు. ఆ పేరుతో ఒక సంగీతం కూడా ఉంటుందని ఎవరనుకుంటారు? పైగా పాప్ కూడా మాదే అయింది. గది పైకప్పుకు పూసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను మేస్త్రీలు పీఓపీ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. నాలుగింట రెండు మావేనని తేలాక మమ్మల్ని ‘ప్రధాన బాధ్యతా శాఖ’గా ప్రకటించారు.

మా ఈఈ మార్తాండరావు గారు ఉత్తర్వు చదివి కళ్లజోడు తీశారు.

“కామేశం గారూ, ఇది మన పనితీరు మీద పైవారికున్న నమ్మకం.”

“చిత్తం. కానీ సార్, ఇవి పాటలు.”

“అయితే? పాటలు మనకు కొత్తా? ఏటా చింతచెట్ల పాట పెడుతున్నాం. పాత ఇనుము పాట పెడుతున్నాం. మొన్న రోడ్డు రోలరు పాటకు ఎంతమంది వచ్చారు!”

“అవి వేలంపాటలు సార్.”

“పాట పాటే. ముందు దండోరా, తర్వాత హెచ్చుపాట, చివర కొట్టివేత. కానివ్వండి.”

ఆ రోజు సోమవారం. సోమవారమంటే సిస్టర్ శౌరీలు వచ్చే రోజు. ఎర్రవాగు అవతల ఆరోగ్యపురంలో ఆరు మంచాల కాన్పుల ఆసుపత్రి నడిపే కన్యస్త్రీ ఆవిడ. అరవై దాటాయి. కిందటి అక్టోబరు వానలకు వాగు మీది చప్టా కొట్టుకుపోయింది. అప్పటినుంచి వాగుకు ఇవతలున్న ఎనిమిది ఊళ్ల ఆడవాళ్లు నొప్పులు వస్తే క్వారీ రోడ్డు మీదుగా పంతొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవాలి. ఎండాకాలంలో వాగు ఇసుకలో ఆటో దిగబడుతుంది, వానాకాలంలో నీళ్లలో కొట్టుకుపోతుంది. జనవరిలో ఒకావిడ ఆటోలోనే, కంకర గుట్ట పక్కన, కనింది. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు సిస్టర్ నవ్వలేదు.

చప్టా స్థానంలో చిన్న వంతెనకు అంచనా, డ్రాయింగు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈఈ గారి సంతకం ఒక్కటే తరువాయి. జూన్‌లో వానలు పడతాయి. ఇప్పుడు మార్చి మొదటివారం.

“ఈ వారమన్నా అయిందా అయ్యా మా వంతెన?” అని సిస్టర్ గుమ్మంలోనుంచే అడిగింది.

ఈఈ గారు గొంతు సవరించుకున్నారు. “సిస్టర్ గారూ, ప్రస్తుతం యావత్ డివిజన్ ఇటలీ సంగీతంలో నిమగ్నమై ఉన్నది. అది తేలేంతవరకు కొత్తగా ఒక్క సిమెంటు బస్తా కదపడానికి వీల్లేదు.”

“ఇటలీ పాటలా? ఎవురివి? పైనోళ్లవా, కిందోళ్లవా?”

“ఇటలీలు రెండున్నాయా?”

“పాటలకొస్తే ఇరవై ఉండయ్ సారూ. పదకొండేళ్లు ఉన్నా గదా ఆడ, ముసలోళ్ల ఆశ్రమంలో నర్సుగా. పొద్దున్నే ముసలోళ్లకి పాప్ పెట్టాల, లేకపోతే మాత్రలు మింగరు. మద్దేనం వంటగదిలో కుర్రోళ్లు రాక్ పెట్టేవోళ్లు, గిన్నెలు తోమేది వినపడకుండా. సాయంత్రం కిటికీ కింద హిప్ హాప్. వద్దన్నా చెవిలో పడేయి.”

ఈఈ గారు కుర్చీలోంచి లేచారు. ఎమ్మెల్యే గారు వచ్చినప్పుడు తప్ప ఆయన అలా లేవడం నేను చూడలేదు.

“కామేశం గారూ, సిస్టర్ గారిని సాంకేతిక సలహాదారుగా నియమిస్తూ నోట్ పెట్టండి.”

“మరి వంతెనో?” అంది సిస్టర్.

“పాట తేలిన మరుక్షణం.”

ఆవిడ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను. ఆ ఫైలు మీద ఎవరూ టీ గ్లాసు పెట్టకుండా ఐదు నెలలుగా కాపాడుకొస్తున్నాను. నేను చేయగలిగింది అంతే.

మర్నాడే మొదటి శ్రవణం. ఈఈ గారి గదిలో పెద్ద స్పీకరు పెట్టారు. సిస్టర్ తన ఫోనులోంచి పాటలు వినిపిస్తుంది, అర్థం చెబుతుంది. టైపిస్టు హైమావతి, జీపు డ్రైవరు బాజీ, వాచ్‌మన్ సైదులు, నేను గోడవారగా కూర్చున్నాం. ఈఈ గారు నాలుగు గళ్ల పట్టిక గీయించారు: గట్టిదనం, మన్నిక, నునుపు, బరువు మోయు శక్తి.

ముందు పాప్. ఒక మగగొంతు, వెనక పియానో.

“ఏమంటన్నాడండీ?” అంది హైమావతి.

“ఆమె ఎల్లిపోయింది. బయట వాన. ఇతను కాఫీ పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ రెండు కప్పుల్లో పోశాడు. ఇప్పుడా రెండో కప్పు ఏం జెయ్యాలో తెలవటం లేదు.”

హైమావతి పవిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ రాజ్యం పోయి నాలుగేళ్లు. మొదటి ఏడాదంతా నేనూ రెండో గ్లాసు కడుగుతూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే సైదులు లేచి, ఎవరూ అడక్కుండానే, ఫ్యాను వేగం పెంచాడు. బీరువా మీది దుమ్ము గదంతా లేచింది. కళ్లు తుడుచుకోవడానికి అందరికీ ఒక సాకు దొరికింది.

“నునుపు ఉంది. గట్టిదనం సందేహాస్పదం” అని ఈఈ గారు రాయించారు.

తర్వాత రాక్. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. ఈఈ గారు వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి అదురు చూశారు.

“ఊళ్లో ఫ్యాక్టరీ మూసేశారంట. వాళ్ల నాయన గురించి పాడతన్నాడు. ఇంటి అద్దె గురించి. దేవుణ్ణి గూడా రెండు మాటలన్నాడు, అయ్యి నేను చెప్పను” అంది సిస్టర్.

“పగుళ్లు లేవు. పునాది బలమైనది. నా మొగ్గు దీనివైపే” అన్నారు ఈఈ గారు.

చివర హిప్ హాప్. ఆర్ అండ్ బి సొంత శాఖ గనుక దాన్ని పరీక్ష నుంచి మినహాయించారు. బాజీ నోరు తెరుచుకుని విన్నాడు.

“అమ్మగారూ, ఈయన ఊపిరెక్కడ తీసుకుంటన్నాడండీ?”

“తీసుకోడు నాయనా. తీసుకుంటే పక్కోడు మాట అందుకుంటాడు.”

“మా మేనత్త ఇంతేనండీ, కుళాయి కాడ! ఏందంట గొడవ?”

“వాళ్ల వీధికి బస్సు రాదంట. పక్క వీధికి వస్తదంట. ఎందుకు రాదు, ఎవురాపారు, పేర్లు చెప్పు అంటన్నాడు.”

ఈఈ గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. “ఇది అర్జీలాగా ఉన్నదే?”

“అర్జీయే సారూ. తాళం ఏసి ఇస్తన్నాడు.”

“అదీ పాటంటే!” అన్నాడు బాజీ. “కాఫీ కప్పులు చూసుకుంటా ఏడిస్తే బస్సు వస్తదా?”

“నీకేం తెల్సు మనసు సంగతి? నువ్వు హారన్‌కి పుట్టినోడివి” అంది హైమావతి.

చర్చ అప్పుడే పూర్తయిపోయి ఉండేది. కానీ ఈఈ గారు ఏదైనా క్షుణ్ణంగా చూసే మనిషి. “ఏ మిశ్రమాన్నయినా ఏడో రోజున ఒకసారి, ఇరవై ఎనిమిదో రోజున ఒకసారి పరీక్షించనిదే బలం తేల్చరాదు” అన్నారు. అది కాంక్రీటు దిమ్మలకు మేము పాటించే నియమం. పాటలు దానికి మినహాయింపు అని ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి మూడు పాటలనూ ఇరవై ఎనిమిది రోజులపాటు, ఆఫీసు వేళల్లో, విడవకుండా మోగించాలని నిర్ణయమైంది.

“తడి గోనెసంచి కప్పాలాండీ?” అని సైదులు అడిగాడు. కాంక్రీటు పోశాక గోనెలు కప్పి నీళ్లు చల్లడం అతను ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని.

ఈఈ గారు ఒక నిమిషం ఆలోచించారు. “కప్పు” అన్నారు.

మొదటి స్పీకరు రెండో రోజు పోయింది. రెండోది నాలుగో రోజు పోయింది. మూడోదానికి నీళ్లు చల్లకుండా గోనె మాత్రమే కప్పాలని సవరణ ఉత్తర్వు వెలువడింది. తడవని గోనెలోంచి ఇటలీ గొంతులు కొంచెం జలుబు చేసినట్టు వినిపించేవి. అదీ ఒకందుకు మంచిదే, కిటికీ అద్దాలు నిలిచాయి.

ఏడో రోజుకు హైమావతి టైపు మిషను మీద వేళ్లు రాక్ దరువులో పడుతున్నాయి, ఆవిడ పాప్ పక్షమైనప్పటికీ. పదిహేనో రోజుకు బిల్లుల కోసం వచ్చే కంట్రాక్టర్లు కాఫీ కప్పుల పాట కూనిరాగం తీస్తున్నారు. ఇరవయ్యో రోజుకు ఆఫీసు మూడు ముఠాలైంది. రాక్ వాళ్లు ఒక బల్ల దగ్గర, పాప్ వాళ్లు ఒక బల్ల దగ్గర భోజనం చేసేవారు. హిప్ హాప్ వాళ్లు జీపు చుట్టూ నిలబడి తినేవారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. హైమావతి మాత్రం రోజూ తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి కొంచెం నా మూత మీద పెట్టి, “మీరు పాపేనని నాకు తెలుసండీ” అని వెళ్లిపోయేది.

సిస్టర్ ప్రతి సోమవారం వచ్చేది. వచ్చి ముందు ఆకాశం చూసేది, తర్వాత క్యాలెండరు చూసేది, తర్వాత కూర్చుని సలహా ఇచ్చేది.

“ఏడుగురు నెలలు నిండినోళ్లు ఉండారు కామేశం గారూ, ఇటు ఊళ్లల్లో. వాన పడితే క్వారీ రోడ్డు గూడా ఉండదు. ఈళ్లెప్పుడు తేలుస్తారు?”

“ఇరవై ఎనిమిదో రోజున గోష్ఠి సిస్టర్.”

“బిడ్డలు అంతకంటే తొందరగా తేలిపోతారయ్యా” అంది.

గోష్ఠికి సౌభ్రాత్ర మండలి కార్యదర్శి వారిజాక్షి గారు రాజధాని నుంచి స్వయంగా విచ్చేశారు. మా మీటింగు హాలు నిండిపోయింది. మేస్త్రీలు, కంట్రాక్టర్లు, రోడ్డు కూలీలు, సిస్టరు వెంట ఆసుపత్రి నర్సులు. వారిజాక్షి గారు జ్యోతి వెలిగించి ఇలా అన్నారు:

“అజంత సౌందర్యంతో అలరారు ఉభయ భాషల నడుమ గల అవినాభావ, అనిర్వచనీయ, అప్రతిహత బాంధవ్యమును ఈ నేలపై పునరావిష్కరించు మహత్తర ఘట్టమునకు మనమందరమూ సాక్షీభూతులము.”

“ఏమంటందండీ?” అని బాజీ సిస్టర్‌ని అడిగాడు, అలవాటు కొద్దీ.

“ఇది నాకూ రాదయ్యా” అంది సిస్టర్.

రాక్ తరఫున ఈఈ గారు మాట్లాడారు. రాక్‌లో గిటారు ఇనుప చువ్వ అనీ, డోలు కంకర అనీ, గొంతు సిమెంటు అనీ, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత కూడా ఆ పాటలో కోపం ఒక్క వీసమెత్తు తగ్గలేదనీ పట్టికతో సహా నిరూపించారు.

పాప్ తరఫున హైమావతి లేచింది. “కోపం అందరికీ వస్తదండీ, దానికి ఇటలీ దాకా పోవాలా? మా ఇంట్లోనే ఉంది. నెల్రోజులు విన్నా ఆ కప్పుల పాట. రోజూ అనుకుంటా, ఇయ్యాళన్నా అతను ఒక్క కప్పులోనే పోస్తాడేమో అని. పోయడు. గోడలు అదిరితే గోడలకే తెలుస్తది. ఇది మనిషికి తెలుస్తది.” ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఇద్దరు మేస్త్రీలు కూడా కొట్టారు.

బాజీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “అయ్యా, నేను పెద్ద చదువుకున్నోణ్ణి గాదు. రాక్ అంటే అరుపు. అరిస్తే గుండె బరువు దిగుద్ది, కాదనను. పాప్ అంటే ఏడుపు. అదీ కావాల. కానీ అరిచినోడు అరిచి పడుకుంటాడు, ఏడిచినోడు ఏడిచి పడుకుంటాడు. హిప్ హాపోడు పడుకోడండీ. ఎందుకు, ఏంటికి, ఎవురు అని అడగతానే ఉంటాడు.”

“ప్రశ్నించు ధోరణి సంగీత లక్షణమగునా?” అని వారిజాక్షి గారు సాంకేతిక సలహాదారు వైపు తిరిగారు.

సిస్టర్ శౌరీలు మైకు దగ్గరికి వచ్చింది. తెల్లటి ముసుగు సర్దుకుంది. బల్ల మీద వేళ్లతో దరువు మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత వేగంగా.

“ఎర్రవాగు పొంగినాది, చప్టా కొట్టుకుపోయినాది,
అటు పక్కన అమ్మ ఉంది, ఇటు పక్కన మంచముంది,
నడిమధ్యన ఏమున్నాది? నీ బల్ల మీద ఫైలున్నాది!
చుట్టు తిరిగి పోయేదాకా పురిటి నొప్పి ఆగుద్దా?
సంతకం సిరా ఆరేదాకా బిడ్డ లోపల దాగుద్దా?
ఎందుకాగె? ఎవరాపిరి? పేరు చెప్పు, పేరు చెప్పు!”

చివరి మాట దగ్గర హాలంతా “పేరు చెప్పు” అంది. రోడ్డు కూలీలు పారలు నేలకేసి కొట్టారు. ఈఈ గారు, రాక్ పక్షం నాయకుడై ఉండి కూడా, తల ఊపుతూ దొరికిపోయారు.

వారిజాక్షి గారికి వాగు సంగతి, ఫైలు సంగతి పట్టలేదు. కానీ దరువు పట్టింది. మైకు అందుకున్నారు.

“అద్భుతం! మూడింటికీ మూడు ప్రయోజనములు గలవని, ఏ ఒక్కటీ శ్రేష్ఠము కాదని, అన్నియూ శ్రేష్ఠములేనని మండలి తరఫున ప్రకటిస్తున్నాను. ఇక ఉభయ సంస్కృతుల నడుమ ఒక శాశ్వత సాంస్కృతిక వారధి నిర్మించబడవలెను. ఈ శాఖయే నిర్మించవలెను!”

ఆవిడ ఉద్దేశం ఉపన్యాసపు వారధి. కానీ విన్నది రోడ్లు భవనాల శాఖ. ఈఈ గారు వెంటనే జేబులోంచి పెన్ను తీశారు.

“మేడమ్, వారధి పొడవెంత?”

ఆవిడ ఒక్క క్షణం తడబడి, “అనంతం” అన్నారు.

“అనంతానికి అంచనా వేయలేమండీ.”

అప్పుడు నేను లేచాను. “ప్రస్తుతానికి ఆరు మీటర్లు చాలు మేడమ్” అన్నాను. ఎవరూ అడగకుండా నేను సర్వీసులో చెప్పిన మొదటి కొలత అది. “స్థలం కూడా సిద్ధంగా ఉంది. ఎర్రవాగు మీద. అది మన ఊరికి పడమర. ఇటలీ కూడా పడమరే.”

వారిజాక్షి గారు ముగ్ధులయ్యారు. ఫైలు ఆవిడ ముందు పెట్టాను. ‘చప్టా స్థానే వంతెన’ అన్న శీర్షికను హైమావతి అక్కడికక్కడే కొట్టివేసి ‘సాంస్కృతిక వారధి’ అని టైపు చేసి తెచ్చింది. కింద కార్యదర్శి గారు, ఆ కింద ఈఈ గారు సంతకాలు చేశారు. సిస్టర్ ముసుగు కొసతో మెడ తుడుచుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

ఏప్రిల్ రెండోవారంలో పునాది తవ్వారు. జూన్ మొదటి వానకు నాలుగు రోజుల ముందు వారధి పూర్తయింది. రిబ్బను కత్తిరించారు. ఐదో రోజున మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది.

‘సదరు వారధి సంస్కృతి నిమిత్తము నిర్మించబడినది గావున దానిపై సంస్కృతి మాత్రమే ప్రయాణించవలెను. సంస్కృతేతర రాకపోకలు నిషిద్ధము.’

“గేటు దగ్గర సంస్కృతిని ఎలా గుర్తుపట్టవలెను?” అని ఈఈ గారు వివరణ కోరారు. వివరణ వారంలో వచ్చింది. దాటువారు పాప్, రాక్, హిప్ హాప్‌లలో ఒకదానిని ఆలపించుచు దాటవలెను. గేటు వద్ద వాచ్‌మన్ దాటినవారి పేరును, ఎదురుగా రీతిని, రిజిస్టరులో నమోదు చేయవలెను. ఏ రీతియూ ఆలపించనివారు క్వారీ రోడ్డున పోవలెను.

సైదులును అక్కడ వేశారు. తాటాకు పాక, అడ్డంగా ఒక వెదురు గేటు, ఒక రిజిస్టరు. అక్షరం ఒత్తి రాసే మనిషి. మొదటి వారం నేను వెళ్లి చూసినప్పుడు పేజీలు నిండిపోయి ఉన్నాయి. పాలవాడు కాఫీ కప్పుల పాట కూనిరాగంతో దాటాడు: పాప్. కూరగాయల గంప ఆదిలక్ష్మి, “దోసకాయలు బీరకాయలు వంకాయలు తాజా తాజా” అంటూ ఊపిరి తీసుకోకుండా దాటింది: హిప్ హాప్. ఆవిడ నలభై ఏళ్లుగా అదే పాడుతోంది, పేరు ఇప్పుడు తెలిసింది. గేదెల మంద మెడ గంటలు మోగిస్తూ, తలలు ఊపుతూ దాటింది: రాక్. మా జీపు దాటినప్పుడు బాజీని పాడమంటే, “మేమే ఆర్ అండ్ బి” అన్నాడట. సైదులు ఆలోచించి అదే రాశాడు. బడిపిల్లలకు ఏ ఇబ్బందీ లేదు, వాళ్లు ఎలాగూ అరుస్తూనే వెళతారు. ఇబ్బందల్లా పెద్దమనుషులకే. పంచాయతీ ప్రెసిడెంటు గారు పరువు పోతుందని వారం రోజులు చుట్టు తిరిగి, డీజిలు భరించలేక, చివరికి గొడుగు అడ్డం పెట్టుకుని సన్నగా పాప్ పాడాడు. సైదులు నాలుగుసార్లు “వినపడలేదండీ” అన్నాడు.

జూలైలో ఒక పొద్దున, తొమ్మిదిన్నర వేళ, నేను రిజిస్టరు సరిచూడడానికి వెళ్లాను. రాత్రంతా వాన పడి వాగు ఎర్రగా, ఒడ్డు నిండా పోతోంది. క్వారీ రోడ్డు తెగిపోయిందని అప్పుడే కబురు వచ్చింది. పాకలో సైదులు నాకు పొడిగా ఉన్న చెక్క చూపించి తను తడి వైపు కూర్చున్నాడు.

అంతలో ఊరి వైపు నుంచి ఒక ఆటో ఎగురుకుంటూ వచ్చి గేటు ముందు ఆగింది. నడిపేది యోబు. సిస్టరే అతనికి ప్రత్యేకంగా ఒక ఇటలీ చరణం నేర్పింది, ఇలాంటి రోజు కోసం. వెనక అంకమ్మ అనే అమ్మాయి, తొలిచూలు. పక్కన ఆమె అత్త.

“పాడు యోబూ” అన్నాడు సైదులు, పెన్ను తీసి.

యోబు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి తెరిచాడు.

“ఏం పాడేదయ్యా నీ మొకం! నా కోడలు సచ్చిపోతంది, గేటు ఎత్తు!” అని అత్త అరిచింది.

“నాకు లేదా అమ్మా మనసు? రూలుంది. ఏదో ఒకటి, ఒక్క ముక్క, నువ్వన్నా...” అన్నాడు సైదులు. ఎదురుగా నేనున్నాను. అతని ఉద్యోగం, నా సంతకం కింద ఉన్న రిజిస్టరు, అన్నీ అతని కళ్లలో కనబడ్డాయి. వారధికి అవతలి కొసన గొడుగు కింద తెల్ల ముసుగు కనబడుతోంది. సిస్టర్ ఎదురు వచ్చి నిలబడింది.

నేను లేచాను. పాడదామనే లేచాను. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో పదిమంది ముందు పాడింది లేదు. కాఫీ కప్పుల పాట మొదటి మాట నాలిక చివర ఉంది.

అప్పుడు ఆటోలోంచి అంకమ్మ కేక పెట్టింది. వాగు హోరు ఆగినట్టయింది. పాక మీది కాకులు లేచిపోయాయి. కేక మొదట కిందినుంచి లేచి, పైకెక్కి, అక్కడ నిలబడి, ఎవరినో తిట్టి, దిగింది.

సైదులు కళ్లు మూసుకుని ఆఖరుదాకా విన్నాడు. రిజిస్టరు మీదికి వంగి ఒత్తి రాశాడు.

“రాక్” అన్నాడు. గేటు ఎత్తేశాడు. “పోనియ్, పోనియ్! ఈ గేటు కాడ ఇంత గట్టిగా ఎవురూ పాడలేదు.”

ఆటో దాటిపోయింది. అవతల తెల్ల ముసుగు దాని వెంట పరుగెత్తడం చూశాను. నేను ఇంకా నిలబడే ఉన్నాను. సైదులు తన కండువాతో నా చెక్క మీద పడ్డ జల్లు తుడిచి, “కూకోండి సారూ, మీ వంతు రాలేదులే” అన్నాడు.

నాలుగో రోజు ఆటో తిరిగి వచ్చింది. ఆ పూట నేను లేను. నెలాఖరున రిజిస్టరు నకలు మండలికి పంపాం. పదిహేను రోజుల్లో అభ్యంతరం వచ్చింది, మూడు ప్రతుల్లో.

‘వరుస సంఖ్య 412, అంకమ్మ, ఆరోగ్యపురం నుండి తిరుగు ప్రయాణము. రీతి అను గడిలో పాప్ అని ఉండవలసిన చోట చివరి అక్షరమునకు పొల్లు లేదు. వాచ్‌మన్ నుండి సంజాయిషీ తీసుకుని, సరిదిద్ది పంపవలెను.’

సైదులును పిలిపించాను. కాగితం చదివి వినిపించాను.

“పొల్లు మర్చిపోయావా?”

“లేదండీ. గుడ్డ తొలగించి చూసే రాశా.”

నేను కొత్త పెన్ను తీసి, సంజాయిషీ అవసరం లేదనుకుని, కింద జవాబు రాశాను:

‘రిజిస్టరు సరిచూడడమైనది. పాపే.’